పచ్చబొట్టు పోవాలంటే: సున్నం, జీడి, లేజర్

మిర్యాలగూడలో నేను ప్రతి గురువారం రోగులను చూస్తుంటాను. గడచిన కార్తీకమాసంలో ఒక గురువారం, దీపాలు పెట్టే వేళకు, ఒక తల్లి తన ఇరవై రెండేళ్ల కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మాయి ఎడమచేతికి చున్నీ చుట్టుకొని ఉన్నది. చున్నీ విప్పగానే గదిలో చీము వాసన కమ్మింది. మణికట్టుకు పైన నాలుగు అంగుళాల మేర చర్మం పోయింది. అంచులు నల్లబడినాయి. మధ్యభాగం ఎండిన తోలువలె తెల్లగా బిగిసి ఉన్నది.

"ఏం పెట్టారమ్మా?" అని అడిగాను.

"సున్నంల బట్టల సోడా కలిపి పెట్టినమయ్యా. పక్కింటామె చెప్పింది. రాత్రంత ఉంచితే పేరు పోతదన్నది. మాఘమాసంల లగ్గం ఉన్నదయ్యా" అన్నది తల్లి.

అమ్మాయి తల ఎత్తలేదు. చదువుకునే రోజులలో పొడిపించుకున్న పేరు అది. నాలుగక్షరాలలో రెండు పుండులో కలిసిపోయినాయి. మిగిలిన రెండూ పుండు అంచున ఇంకా చక్కగా చదవడానికి వీలుగానే ఉన్నాయి. నొప్పి ఎలా ఉందంటే అంచుల్లోనే మండుతున్నదనీ, మధ్యలో ఏమీ తెలియడం లేదనీ చెప్పింది. నన్ను భయపెట్టినది ఆ మాటే. నొప్పి తెలియని కాలుడు అంటే స్పర్శనాడులు సైతం కాలిపోయినంత లోతైన కాలుడు అన్నమాట. అది నా చేతిలో మానే పుండు కాదు. శుభ్రపరచి, కట్టు కట్టి, ధనుర్వాతపు ఇంజెక్షన్ వేయించి, ఆ రాత్రే శస్త్రవైద్యుని వద్దకు పంపాను.

పచ్చబొట్టు పోవడానికి మంచి చిట్కా చెప్పండని నన్ను అడిగేవారు ఈ నాలుగైదేళ్లలో బాగా పెరిగినారు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో, ఎక్కడ కూర్చున్నా వారానికి ఒకరైనా అడుగుతారు. చిట్కాలు చెప్పే పత్రికలో రాస్తూ ఈ మాట అనవలసి రావడం కొంచెం ఇబ్బందిగానే ఉన్నది కాని, నిష్కర్షగా చెబుతున్నాను. పచ్చబొట్టును తొలగించే గృహవైద్యం లేదు. ఎందుకు లేదో తెలిస్తే ఇకమీద ఎవరూ సున్నం జోలికి పోరని నా ఆశ.

పచ్చ ఎక్కడ ఉంటుంది?

మన ప్రాంతపు పాత పచ్చబొట్టు తయారీ చాలా సులువు. ఆముదపు దీపం మీద పట్టిన మసిని ఆకుపసరుతో నూరి, ఆ ముద్దను సూదులతో చర్మంలోకి పొడుస్తారు. ఎరుకల స్త్రీలు ఈ పనిలో ఆరితేరినవారు. తమిళదేశపు కొరవ స్త్రీలు కూడా ఊరూరా తిరిగి పచ్చలు పొడిచేవారని 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో ఉన్నది. ఇంతకూ పొడిచేది నల్లని మసి అయితే కనిపించేది పచ్చగా ఎందుకు? మసి చర్మపు లోపలి పొరలో ఉంటుంది. దానిపై ఉన్న పొరల గుండా చూసినప్పుడు కాంతి చెదరి ఆ నలుపు మనకు నీలిపచ్చగా తోస్తుంది. మన పెద్దలు దానికి పెట్టిన పేరులోనే అది ఎంత లోతున ఉన్నదో చెప్పి ఉంచారు!

సుశ్రుతుడు శారీరస్థానంలో చర్మానికి ఏడు పొరలు చెప్పాడు. అన్నిటికన్నా పైది అవభాసిని, శరీరవర్ణాన్ని ప్రకాశింపజేసేది. నేటి వైద్యులు బాహ్యచర్మం, అంతశ్చర్మం అని రెండు ముఖ్యభాగాలుగా చెబుతారు. బాహ్యచర్మం కొన్ని వారాలలో పొట్టుగా రాలి కొత్తది వస్తూనే ఉంటుంది. గోరింటాకు ఎరుపు పోయేది అందుకే. పచ్చబొట్టు సూది దానిని దాటి అంతశ్చర్మంలో మసిని దించుతుంది. అక్కడ శరీరాన్ని కాపాడే భక్షకకణాలు ఈ మసిరేణువులను మింగుతాయి. మింగుతాయి కాని అరిగించుకోలేవు. 2018లో ఫ్రాన్సులోని మార్సెయి నగర పరిశోధకులు ఎలుకల మీద చేసిన పరీక్షలో ఒక విశేషం తేల్చారు. మసిని మింగిన కణం చనిపోయినప్పుడు ఆ మసి బయటపడుతుంది. వెంటనే పక్కన పుట్టిన కొత్త కణం దానిని మళ్లీ మింగుతుంది. తండ్రి బాకీ కొడుకు నెత్తిన పడినట్లు, కణం మారినా మసి మారదు. తొంభై ఏళ్ల అవ్వ చేతిమీద పచ్చ నిలిచి ఉండడంలోని రహస్యం ఇదేనని వారి భావం.

ఇక ఆలోచించండి. పైన పూసిన ఏ పదార్థమైనా ఆ మసిని చేరాలంటే దానిమీద కప్పుకొని ఉన్న చర్మాన్ని తినివేసి దిగవలసిందే. చర్మాన్ని తినలేని నిమ్మరసం, కలబంద, పెరుగు, తేనె వంటివి ఎన్నాళ్లు పూసినా మసిని చేరవు. చర్మాన్ని తినగలిగినవి మసికన్నా ముందు చర్మాన్నే పోగొడతాయి. మధ్యేమార్గం లేదు.

సున్నమూ, క్షారమూ ఒకటి కావు

"ఆయుర్వేదంలో క్షారకర్మ ఉన్నది కదా, పులిపిరికాయలను క్షారంతోనే తీస్తారు కదా" అని తెలిసినవారు వాదిస్తారు. నిజమే. సుశ్రుతం సూత్రస్థానం పదకొండవ అధ్యాయం అంతా క్షారం గురించే. మశకం, తిలకాలకం, చర్మకీలం మొదలైన వాటికి క్షారం పూయమని అందులో ఉన్నది. ఆ జాబితాలో పచ్చబొట్టు ప్రసక్తి లేదు. అంతకన్నా ముఖ్యమైనది, క్షారం పెట్టిన తరువాత ఎంతసేపు ఆగాలో ఆచార్యుడు చెప్పిన కొలత: నూరు హ్రస్వాక్షరాలు పలికేంత కాలం! ఆపైన పుల్లని ద్రవ్యాలతో దానిని శమింపజేయాలి. పసివారికి, వృద్ధులకు, దుర్బలులకు, మర్మస్థానాల మీద, సిరల మీద, కీళ్ల మీద అసలే కూడదన్నాడు. ఉత్తరేణి భస్మంతో వైద్యుడు స్వయంగా కాచిన క్షారానికే ఇన్ని కట్టుబాట్లు. మనవారు పాన్‌డబ్బాలోని సున్నాన్ని, చాకిరేవు సోడాను కలిపి, సిరలు తేలి కనిపించే మణికట్టు మీద పెట్టి, గుడ్డ కట్టి, తెల్లవారేదాకా నిద్రపోతున్నారు. నూరు అక్షరాలెక్కడ, ఒక రాత్రి ఎక్కడ!

కోదాడ వైపు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మేళ్లచెరువు, హుజూర్‌నగర్ ప్రాంతమంతా సున్నపురాతి నేల, సిమెంటు కర్మాగారాల నేల. తడి సిమెంటులో ఉత్తచేతులతో పనిచేసిన మేస్త్రీని అడగండి, క్షారం చర్మాన్ని ఎలా తినేస్తుందో. ఆమ్లం పడితే కాలినచోటనే గట్టిపడి చాలావరకు ఆగుతుంది. క్షారం చర్మాన్ని సబ్బులా కరిగించుకుంటూ లోతుకు దిగుతూనే ఉంటుంది.

పొరపాటున ఎవరైనా సున్నం పెట్టుకొని ఉంటే, పొడి సున్నమైతే ముందు దులిపివేయండి. గాజులు, ఉంగరాలు తీసివేసి కుళాయి ధార కింద అరగంటకు తక్కువ కాకుండా కడగండి. ఇంట్లో నిమ్మకాయ పిండవద్దు. పుల్లని ద్రవ్యంతో శమింపజేయడం వైద్యుడు మోతాదు ఎరిగి చేసే పని. ఇంటిలో నీటిధారను మించినది లేదు. తరువాత తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి.

నా చేతి కథ

నల్లజీడి గురించి చెప్పడానికి నాకు పుస్తకం అవసరం లేదు. నా ఎడమ ముంజేయి చాలు.

యాభై ఏళ్ల కిందటి మాట. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామికి జరిగే పెద్దగట్టు జాతర ఉన్నది కదా, పదకొండేళ్ల వయసులో మా మేనమామ వెంట అక్కడికి వెళ్లాను. పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు ధైర్యంగా చేయి చాపి నా పేరు వేయించుకున్నాను. ఆమెకు చదువు రాదు. మామయ్య కాగితం మీద రాసిచ్చినదానిని చూసి వేసింది. ఒక ఒత్తు ఎగిరిపోయింది. ఆనాటినుండి బడిలో నన్ను అందరూ ఆ ఒత్తు లేని పేరుతోనే పిలిచారు. పిల్లల క్రూరత్వానికి అంతులేదు.

పదిహేడో ఏట ఇక భరించలేక చాకలివారి ఇంట బట్టలకు గుర్తుపెట్టే జీడిగింజను తెచ్చి, దాని రసాన్ని సూదితో అక్షరాల వెంబడి పెట్టాను. మరునాటికి చేయి మోచేతిదాకా వాచింది. బొబ్బలు లేచి రసి కారింది. కనురెప్పలు కూడా ఉబ్బినాయి. జ్వరంతో పడకేశాను. మానడానికి నెలరోజులు పట్టింది. మానిన తరువాత చూస్తే, వేలెడు పొడవున ఎగుడుదిగుడు మచ్చ, ఆ మచ్చలోంచి ఒత్తు లేని నా పేరు యథాతథంగా కనిపిస్తున్నది. నేటికీ అలాగే ఉన్నది. ఆయుర్వేద కళాశాలలో చేరాక భల్లాతకాన్ని ఇటుకపొడిలో వేసి శుద్ధిచేసే విధానం నేర్పుతూ మా గురువుగారు నా చేతిని చూసి, "నువ్వు పాఠం ముందే చదివి వచ్చావు" అని నవ్వారు.

జీడిరసం ఎంత చెడ్డదంటే, ఒకసారి పడనివారికి మరోసారి దాని గాలి సోకినా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. జిల్లేడుపాలు మరో ప్రమాదం. ఆ చేతితో కన్ను నలుపుకుంటే చూపునకే ముప్పు. మైలతుత్తం, బ్యాటరీ ఆమ్లం, గరుకు కాగితం, ఇవన్నీ నేను చూసిన పుండ్లలో ఉన్నవే. ఉప్పుతో రుద్దడమూ కొత్తదేమీ కాదు. 6వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏటియస్ కాలంనాడే ఉన్నది. మొన్నమొన్నటిదాకా పాశ్చాత్య వైద్యులు కూడా మత్తు ఇచ్చి ఆ పని చేసేవారు. మచ్చలు మిగులుతున్నాయని వదిలిపెట్టారు. వారు వదిలినదానిని మనం పట్టుకోవడమెందుకు?

లేజర్ చేసే పని

చర్మాన్ని తొలచకుండా మసిని చేరగలిగినది ఒక్కటే, కాంతి. 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సూత్రం ప్రతిపాదించారు. ఒక రంగు మాత్రమే ఎక్కువగా పీల్చుకునే కాంతిని అతి స్వల్పకాలం ప్రసరింపజేస్తే ఆ రంగురేణువు మాత్రమే వేడెక్కి పగులుతుంది, చుట్టుపక్కల కణజాలం చాలావరకు క్షేమంగా ఉంటుంది. దాని ఆధారంగా వచ్చినవే క్యూ-స్విచ్డ్ లేజర్లు. సెకనులో వందకోట్లవ వంతును నానోసెకను అంటారు. ఈ యంత్రం కొద్ది నానోసెకన్లపాటు మాత్రమే కాంతిని విడుస్తుంది. పిడుగుపడినట్లు మసిరేణువు ముక్కలవుతుంది. భక్షకకణాలు ఆ చిన్న ముక్కలను మెల్లగా రసనాళాల గుండా తరలిస్తాయి. కొంత మసి చంకలోని లసికాగ్రంథులలో చేరి అక్కడే ఉండిపోతుంది కూడా. అంతకన్నా వేగమైన పికోసెకను యంత్రాలు 2012 తరువాత వచ్చినాయి.

తరలించే పని శరీరానిదే కనుక తొందరపడి లాభం లేదు. ఒక విడతకూ మరొక విడతకూ నడుమ కనీసం ఆరునుండి ఎనిమిది వారాలు ఉండాలి. మసితో చేతిసూదితో పొడిచిన పాతకాలపు పచ్చబొట్టు తక్కువ విడతలలోనే పలచబడవచ్చు. యంత్రంతో దట్టంగా రంగులు నింపినది పది దాటినా పూర్తిగా పోకపోవచ్చు. నలుపు బాగా లొంగుతుంది. ఎరుపునకు, ఆకుపచ్చకు వేరువేరు కిరణాలు కావాలి. పసుపు మొండిది. తెలుపు, చర్మపు రంగు కలిసినవి లేజర్ తగలగానే నల్లగా మారిపోయే ప్రమాదం ఉన్నది. పెదవులకు, కనుబొమ్మలకు శాశ్వతపు రంగు వేయించుకున్న స్త్రీలు ఈ సంగతి ముందుగానే వైద్యునితో చెప్పాలి.

మనది చామనఛాయ. మన చర్మంలోని సహజవర్ణం కూడా కాంతిని పీల్చుకుంటుంది. కనుక మనవారికి సాధారణంగా 1064 నానోమీటర్ల కిరణాన్ని ఎంచుకుంటారు. ముందు ఒక మూల చిన్నచోట పరీక్షించి, కొన్ని వారాలు ఆగి చూసే వైద్యుడు మంచి వైద్యుడు. తెల్లమచ్చలు రావచ్చు, గాటు పడినచోట కండ పెరిగే గుణమున్నవారికి కెలాయిడ్ రావచ్చు. గర్భిణులకు సాధారణంగా వాయిదా వేస్తారు. ఇదంతా చెప్పకుండా "మూడు సిట్టింగుల్లో గ్యారంటీ" అనేవారి గడప తొక్కవద్దు. వెంట్రుకలు తీసే కాంతియంత్రంతో పచ్చబొట్టు మీద పనిచేసే అందాలశాలలు ఉన్నాయి. ఆ యంత్రం ఇందుకు పనికిరాదు, కాలుస్తుంది.

సూర్యాపేటలోనూ, నల్లగొండలోనూ 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినాయి. చర్మవైద్యుని సలహాకు హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మొదట అక్కడ చూపించుకొని, ఏ యంత్రం, ఎన్ని విడతలు, ఎంత ఖర్చు అన్నది తెలుసుకొని ఆ తరువాతే ప్రయాణం పెట్టుకోండి. పేరు చిన్నదైతే ఇంకొక దారి ఉన్నది. శస్త్రవైద్యుడు ఆ ముక్కను కోసి కుట్లు వేస్తాడు. సన్నని గీత మిగులుతుంది, పని ఒక్కరోజుతో అయిపోతుంది. పాతదానిమీద పెద్ద బొమ్మ వేయించి కప్పడం కూడా కొందరు చేస్తున్నారు. నాకు అది నచ్చదు. రేపు ఆ బొమ్మ వద్దనుకుంటే తీయడం రెట్టింపు కష్టం.

కోదాడ యువకుని ఉదంతం ఇక్కడ చెప్పాలి. సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారుజామున పరుగు తీసే కుర్రవాడు. కుడి భుజం మీద పులి బొమ్మ. "సార్, నెలరోజుల్ల పోవాలె, ఏదన్న పసరు ఇయ్యుండ్రి" అని వచ్చాడు. సైనిక నియామక ప్రకటనలలో శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలివైపున, అరచేతి వెనుకభాగాన మాత్రమే అనుమతిస్తామని ఉంటుంది. ఆచారంగా వేసుకునే గిరిజనులకు ప్రత్యేక సడలింపు ఉన్నది. కేంద్ర సాయుధ పోలీసు దళాలలోనైతే సెల్యూట్ చేయని ఎడమ ముంజేయి లోపలివైపు లేదా చేతుల వెనుకభాగం, అదీ ఆ భాగంలో నాలుగోవంతుకు మించకుండా. భుజం మీది పులికి రెండుచోట్లా స్థానం లేదు. నెలలో పోదని, ఏడాది పైగా పట్టవచ్చని చెప్పి చర్మవైద్యుని వద్దకు పంపాను. కోపంగా వెళ్లాడు. పసరు ఇచ్చే ఇంకొకరిని వెతుక్కుంటాడేమోనని వారంరోజులు నాకు మనసు మనసులో లేదు. ఇప్పుడు మూడు విడతలు పూర్తయినాయి. పులి పిల్లి అయిందని తానే నవ్వుతున్నాడు. వయోపరిమితికి ఇంకా వ్యవధి ఉన్నది.

మనం చేయగలిగినది

ఆయుర్వేదం ఇక్కడ చేతులు ముడుచుకొని కూర్చోదు. దాని పాత్ర పుండు మానిన తరువాత. సుశ్రుతుడు వ్రణానికి చెప్పిన అరవై ఉపక్రమాలలో తెల్లబడిన మచ్చను నల్లబరిచే కృష్ణకర్మ, నల్లబడినదానిని తెల్లబరిచే పాండుకర్మ కూడా ఉన్నాయి. మచ్చ మనిషి మనసును ఎంత బాధిస్తుందో ఆయనకు తెలుసు.

ఇంటిలో చేసుకోదగినది శతధౌతఘృతం. వెడల్పాటి రాగిపళ్లెంలో వందగ్రాముల ఆవునెయ్యి వేసి, కాచి చల్లార్చిన నీరు కొద్దిగా పోసి, రాగిచెంబు అడుగుతో ఒకేవైపు మెదపాలి. కాసేపటికి ఆ నీరు వంచి కొత్తనీరు పోయాలి. ఇలా నూరుసార్లు. నెయ్యి వెన్నకన్నా తెల్లగా, వాసనలేని లేపనమవుతుంది. లేజర్ తరువాత పొక్కులు పూర్తిగా ఎండి రాలిపోయాక మిగిలే దురదకు, పొడితనానికి, మంటకు రాత్రిపూట పలుచగా రాయండి. తడిపుండు మీద, పగిలిన బొబ్బ మీద మాత్రం ఇదీ వద్దు, పసుపూ వద్దు. అప్పుడు లేజర్ వైద్యుడిచ్చిన మందే వాడాలి. బొబ్బలను చిదపవద్దు. ఎండ తగలకుండా పొడుగుచేతుల నూలు చొక్కా వేసుకోవాలి.

కొత్తగా వేయించుకోబోయేవారికి ఒక మాట. జాతరలలో ఇప్పుడు బ్యాటరీ యంత్రాలు వచ్చినాయి. ఒకే సూది, ఒకే సిరాగిన్నె పదిమంది చేతులమీద తిరుగుతుంటే నేను కళ్లారా చూశాను. కామెర్ల బి, ఎయిడ్స్ క్రిములు ఆ దారిన పాకగలవు. పచ్చబొట్టు వేయించుకున్నవారి నుండి పన్నెండు నెలలవరకు రక్తదానం స్వీకరించకపోవడం ఇందుకే.

తీసివేయడం అందరికీ అవసరమా అన్నది వేరే ప్రశ్న. సూర్యాపేటలో మోకాళ్ల నొప్పులకు నా వద్దకు వచ్చే ఒక అవ్వకు గడ్డం మీద మూడు చుక్కలు, చేతులనిండా తేళ్లు, తులసికోట. పట్నంలో ఉద్యోగం చేసే మనవరాలు తన పెండ్లి ఫొటోల కోసం ఆ చుక్కలు తీయిస్తాను, డబ్బు నేనే కడతాను అన్నదట. "పోయేనాడు సొమ్ములు ఎంటరావు బిడ్డా, ఇవ్వొక్కటే వస్తయి. వీటినెందుకు తీస్తరు?" అని అవ్వ నన్ను నిలదీసింది. నేను ఆమె పక్షమే వహించాను.

మిర్యాలగూడ అమ్మాయికి తొడచర్మం తెచ్చి అతికించారు. మాఘమాసపు లగ్గం వాయిదా పడింది. పొయ్యి మీది నూనె పడి కాలిందని ఒక కాగితం రాసి ఇమ్మని తల్లి నన్ను వేడుకున్నది. రాయలేనన్నాను. ఆమె కంటనీరు పెట్టుకున్నది, నాకూ కష్టమే తోచింది. కట్టు విప్పిన రోజున అమ్మాయే, "అమ్మా, ఆయనకు నేనే చెప్పిన" అన్నది. ఏమన్నాడని తల్లి అడగలేదు, నేనూ అడగలేదు. మిగిలిన రెండక్షరాలకు లేజర్ చేయవచ్చునా అని మాత్రం నన్ను అడిగింది. మచ్చ మెత్తబడి రంగు నిలకడ అయ్యేవరకు ఏడాది ఆగమన్నాను. ప్రస్తుతం రోజూ రెండుపూటలా కొబ్బరినూనెతో మచ్చను మృదువుగా మర్దన చేస్తున్నది. మణికట్టు ఇప్పుడు పూర్తిగా వంగుతున్నది.